వార్తల్లో పదం: స్వీయ నియంత్రిత అభ్యసనం
ఏం చదవాలో, ఎలా చదవాలో, ఎక్కడ తడబడుతున్నామో విద్యార్థి తానే గమనించి సరిదిద్దుకోవడమే స్వీయ నియంత్రిత అభ్యసనం. అమెరికా విద్యా మనోవిజ్ఞాని బ్యారీ జిమర్మన్ ఇందులో మూడు దశలు చెప్పారు: ముందస్తు ఆలోచన, ఆచరణ, ఆత్మసమీక్ష. దీన్ని అంచనా వేయడానికి మిషిగన్ విశ్వవిద్యాలయంలో పాల్ పింట్రిచ్ బృందం 81 అంశాల ప్రశ్నావళి రూపొందించింది. వాటిలో 31 ప్రేరణకు, 50 అభ్యసన వ్యూహాలకు సంబంధించినవి.

స్టడీ అవర్ల మధ్య ఇంటర్ ముగించి వరంగల్ నిట్‌లో చేరిన విద్యార్థికి ఈ నైపుణ్యం మరీ అవసరం. హాస్టల్లో చదవమని వెంటపడేవారుండరు. తప్పిన లెక్క పక్కన ‘సూత్రం మరిచాను’, ‘ప్రశ్న సరిగా చదవలేదు’ అని కారణం రాసుకుని, మర్నాటి చదువును దాన్నిబట్టి మార్చుకోవడం ఇందుకు తొలిమెట్టు. ఎలా నేర్చుకోవాలో నేర్చుకోవడం ముఖ్యమని జాతీయ విద్యా విధానం-2020 కూడా చెబుతోంది.