అతుకుల బొంతే.. అందాల దుప్పటి!

నగరంలో పేరున్న షోరూమ్. మెత్తటి లైట్ల వెలుగులో ఓ మంచం. దానిమీద రంగురంగుల గళ్ల దుప్పటి. ఒక గడి ఆకుపచ్చ, పక్క గడి పసుపు, దాని పక్కన చిన్న చిన్న పూలు. గడులన్నిటినీ కలుపుతూ ఈ చివర నుంచి ఆ చివరిదాకా చేత్తో వేసిన సన్నటి కుట్లు. ‘ఎంత బావుందో!’ అనుకుంటూ ఓసారి తడిమి, మెల్లగా ధర చీటీ తిప్పి చూస్తే.. వేలల్లో ఉంటుంది. చీటీని అంతే మెల్లగా వదిలేసి పక్కకు జరగడమే!

అదే దుప్పటిని ఫోన్లో ఫొటో తీసుకొచ్చి అమ్మమ్మకు చూపిస్తే, కళ్లజోడు సవరించుకుని ఆవిడ అనే మాట ఒకటే.. ‘ఇది మన బొంతేగదే!’

పేరే మారింది

అమ్మమ్మ మాట అక్షరాలా నిజం. అరిగిపోయిన నూలు చీరలు, నాన్నల పంచెలు, తాతల ధోవతులు పొరలు పొరలుగా పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టి, మధ్యాహ్నం పూట ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని కుట్టేవారు. చలికాలంలో కప్పుకోవడానికి అదే, వేసవిలో డాబామీద పరుచుకోవడానికీ అదే. చిరిగిన చోట మరో ముక్క వేసి కుట్టేవారు. అందుకే అది అతుకుల బొంత. పొంతన లేని పార్టీలు కలిస్తే ‘అతుకుల బొంత ప్రభుత్వం’ అని ఎద్దేవా చేయడం మనకు అలవాటే. ఇప్పుడా అతుకులే అద్దాల షోరూముల్లో మెరుస్తున్నాయి!

ఇది మనకొక్కరికే తెలిసిన విద్య కాదు. బెంగాల్‌లో కాంథా, మహారాష్ట్రలో గోధడీ, కర్ణాటకలో కౌది.. ఎక్కడికక్కడ ఇల్లాళ్లు పాత బట్టకు కొత్త ప్రాణం పోసినవాళ్లే. అమెరికాలోనూ ఇదే కథ. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. ఒకప్పుడు బానిసలుగా బతికిన నల్లజాతి కుటుంబాల వారసులు ఉండే ఊరది. అక్కడి ఆడవాళ్లు చిరిగిన పనిబట్టల ముక్కలతో చలికి బొంతలు కుట్టుకునేవారు. 2002లో హ్యూస్టన్‌లోని ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం ఆ బొంతలను గోడలకు వేలాడదీసి ప్రదర్శించింది. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు తెచ్చింది. మంచం మీది బొంత మ్యూజియం గోడ ఎక్కిందన్నమాట!

ఒక చీర.. ఒక పొర

షోరూములో చూసిన నమూనాను ఇంట్లో కుట్టుకోవడం కష్టమా? కుట్టుమిషన్ మీద నిటారుగా కుట్టడం వస్తే చాలు. డబుల్ కాట్ దుప్పటి కొలత సాధారణంగా 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు. చీర పొడవు ఆరు గజాలు, అంటే 216 అంగుళాలు. పన్నా 45 అంగుళాలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. చీరను సరిగ్గా సగానికి కత్తిరించి, రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి కుడితే దాదాపు అదే కొలత వచ్చేస్తుంది. ఒక చీరకు ఒక పొర! అడుగున ఒక చీర, మధ్యలో ఒక చీర పెట్టుకుంటే సరి.

పైపొర గళ్లకు మాత్రం కాస్త లెక్క కావాలి. అట్టముక్కను తొమ్మిదిన్నర అంగుళాల చదరంగా కత్తిరించుకోవాలి. దాన్ని చీరమీద పెట్టి, గీత గీసి, ముక్కలు కత్తిరించాలి. అన్నివైపులా పావు అంగుళం కుట్టులోకి పోతే మిగిలేది తొమ్మిది అంగుళాల గడి. వరసకు పది గడులు, అలాంటివి పన్నెండు వరసలు.. మొత్తం 120 ముక్కలు. అరుగుదల లేకపోతే రెండు చీరల్లోనే ఇవన్నీ వస్తాయి. రంగులు ఎక్కువ కావాలంటే నాలుగైదు చీరల్లో గట్టిగా ఉన్న చోట్ల నుంచి తీసుకోవచ్చు. ముక్కలన్నీ ముందు నేలమీద పేర్చి, రెండడుగులు వెనక్కి జరిగి చూడండి. ఒకే రంగు ఒకచోట గుమిగూడితే అప్పుడే మార్చేయొచ్చు.

కత్తెర పట్టేముందు మూడు పనులు. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. పలచబడిన చోటు వదిలేయాలి. రంగు దిగుతుందేమో తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. నూలును నూలుతోనే కలపాలి. పట్టు, నైలాను కలిపితే ఉతుకులో ఒకటి ముడుచుకుని మరొకటి ముడుచుకోక దుప్పటంతా ఉబ్బెత్తుగా తయారవుతుంది. ఫాల్ విప్పడం మరవొద్దు.

అంచుల్ని పారేయకండి. ఒక చీరకున్న రెండు అంచులూ కలిపితే 12 గజాలు. దుప్పటి చుట్టుకొలత 11 గజాలు. నాలుగువైపులా మడిచి కుట్టడానికి సరిగ్గా సరిపోతుంది!

ఖరీదంతా కుట్టుదే

మూడు పొరలూ ఒకదానిమీద ఒకటి పరిచి, ముడతల్లేకుండా సర్ది, జానెడుకో పిన్నీసు పెట్టాలి. ఆ తర్వాత మధ్య నుంచి మొదలుపెట్టి అంచులవైపు కుట్టుకుంటూ వెళ్లాలి. అంచు నుంచి మొదలుపెడితే బట్టంతా నడిమికి తోసుకొచ్చి ముడత పడుతుంది.

అంగుళానికో వరస చొప్పున కుడితే 90 వరసలు. ఒక్కో వరస పొడవు మూడు గజాలు. అంటే మొత్తం 270 గజాలు. నలభై అయిదు చీరలు వరసగా పరిస్తే ఎంతో, అంత దూరం సూది నడవాలి! వరసలు అర అంగుళానికి ఒకటి అయితే ఆ దూరం రెట్టింపు. షోరూములో ధర చూసి ‘పాత గుడ్డలకు ఇంతా?’ అనుకున్నవాళ్లకు జవాబు ఇక్కడుంది. బట్టది పెద్ద ఖరీదు కాదు. నడుం వంచి కూర్చున్న గంటలది, సూది గుచ్చుకున్న వేళ్లది ఆ విలువ. అందులో కుట్టిన చేతికి దక్కేది ఎంత అన్నది వేరే ప్రశ్న. ఒక్కసారి సొంతంగా కుట్టి చూస్తే, మరొకరి చేతికుట్టును బేరమాడటానికి నోరు రాదు.

తొందరేం లేదు. రోజుకు రెండు వరసలు కుట్టినా నెలన్నరలో పూర్తవుతుంది.

గిన్నెకు ఇచ్చేముందు..

‘పాత చీరలకు స్టీలు గిన్నెలూ..’ అన్న కేక వీధిలో వినిపిస్తే బీరువా అడుగున ఉన్న మూట బయటికొస్తుంది. అమ్మ తొలి కార్తీకానికి కట్టిన చీర, పాపాయి పుట్టినప్పుడు పొత్తిళ్లుగా వాడిన మెత్తటి చీర.. నాలుగైదు కలిపితే ఓ గిన్నె. అది కూడా బేరమాడితేనే! గిన్నె వంటింట్లో పది గిన్నెల్లో కలిసిపోతుంది. చీర మళ్లీ రాదు.

చీరతోపాటే వెళ్లిపోతున్నది ఇంకొకటుంది. పొరలు జారకుండా ఎడమచేత్తో ఎలా అదిమి పట్టాలో, దారం ముడి లోపలికి ఎలా దాచాలో తెలిసిన పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ లేరు. ఉన్నవాళ్లకు చూపు తగ్గుతోంది. సూదిలో దారం ఎక్కించి ఇస్తే చాలు, మిగిలినది ఆ వేళ్లే గుర్తుచేసుకుంటాయి. మనవరాలు పక్కన కూర్చుని రెండు వరసలు కుడితే, మొదటివి వంకరగానే వస్తాయి. రానివ్వండి. షోరూము దుప్పటిలో లేనిది ఆ వంకరే!

రేపు ఆ దుప్పటి మంచంమీద పరిస్తే చుట్టాలు ‘ఎక్కడ కొన్నారు?’ అని అడగొచ్చు. ఇంట్లోవాళ్లు మాత్రం ఒక్కో గడినీ వేలితో చూపిస్తూ ‘ఇది అమ్మమ్మది.. ఇది అత్తయ్యది.. ఇదిగో, ఇది నాది’ అని చెప్పుకుంటారు.