ఆట ఇటుకలతో యంత్రవిద్య

తడి ఇసుకలో పిచ్చుకగూళ్లు కట్టని బాల్యము అరుదు. పాదము మెల్లగా తీసినచో గూడు నిలుచును, తొందరపడినచో కూలును. పిల్లవాడు మరికొంత తడి ఇసుక తెచ్చి మరల కట్టును. ఇంజనీరింగుకు తొలిమెట్టు ఇదియే. ఈ మెట్టు నుండి రోబోట్ల వరకు పిల్లలను నడిపించగల సాధనము ప్లాస్టిక్ ఆట ఇటుకలు.

డెన్మార్కులోని బిల్లుండ్ అను ఊరిలో ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అను వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయనారంభించెను. 'బాగా ఆడు' అను అర్థముగల డేనిష్ మాటల నుండి ఆయన సంస్థకు 'లెగో' అను పేరు వచ్చినది. నేటి ఇటుక రూపము 1958 నాటిది. పైన బొడిపెలు, లోపల గొట్టములు ఉండుటచే ఇటుకలు జిగురు లేకనే బిగుసుకొనును. ఒకే రంగు గల ఎనిమిది బొడిపెల ఇటుకలు రెండింటిని 24 విధములుగను, ఆరింటిని 91,51,03,765 విధములుగను కూర్చవచ్చును!

ఇటుకలకు మోటారును, పళ్లచక్రములను చేర్చినచో యంత్రశాస్త్రము మొదలగును. మోటారు ఇరుసుకు 8 పళ్ల చక్రమును, బండి ఇరుసుకు 24 పళ్ల చక్రమును అమర్చితిమనుకొందము. చిన్నది మూడుసార్లు తిరిగిన పెద్దది ఒక్కసారి తిరుగును. వేగము మూడవవంతగును, తిప్పు బలము, ఘర్షణకు పోయినది మినహా, మూడింతలగును. నేలపై పరుగెత్తి వాలు బల్లపై ఆగిపోయిన బండి ఇప్పుడు మెల్లగా ఎక్కగలదు. సైకిలులో దీనికి విపర్యయముగా, పెద్ద చక్రము చిన్నదానిని త్రిప్పును. అందుచే వేగము పెరుగును.

ఇక బండికి కన్ను కావలెను. వెలుతురు సెన్సరు నేలపై కాంతిని ప్రసరింపజేసి, తిరిగి వచ్చిన కాంతిని కొలుచును. తెల్లని నేలపై నల్లని గీత గీసి, దాని కుడి అంచున బండినుంచి, రెండే ఆజ్ఞలు ఇత్తుము: 'నలుపు కనబడిన కుడికి తిరుగు, తెలుపు కనబడిన ఎడమకు తిరుగు.' బండి అటునిటు ఊగుచు అంచు వెంబడి పోవును. చూచుట, నిర్ణయించుట, కదలుట - రోబోట్ అనగా ఈ మూడింటి కూడిక.

పిల్లవాడు ఆజ్ఞలను తారుమారు చేసినచో బండి గీతను విడిచిపోవును. అప్పుడు ఉపాధ్యాయుడు ఏమి చేయవలెను? తప్పును తానే దిద్దినచో బండి నడచును గాని పాఠము పోవును. లోపము చక్రములోనా, తీగలోనా, ఆజ్ఞలోనా? ఒక్కొక్కటి మార్చి పరీక్షించుటయే శాస్త్రపద్ధతి. పిల్లల కొరకు 1967లో 'లోగో' అను కంప్యూటరు భాషను రూపొందించినవారిలో ఒకరైన గణితవేత్త సేమర్ పేపర్ట్ బోధ ఇదియే. చిన్ననాట పళ్లచక్రములతో ఆడుకొనుట వలననే తనకు గణితము పట్టుబడెనని ఆయన 1980లో 'మైండ్‌స్టార్మ్స్' అను గ్రంథమున వ్రాసెను. 1998లో వెలువడిన లెగో రోబోట్ పెట్టెకు ఆ గ్రంథము పేరే పెట్టిరి.

ఇట్టి పెట్టెలు ఖరీదైనవి. అన్ని పాఠశాలలకు అందవు. కాని తలక్రిందులుగా నిలిపిన సైకిలు ఒకటి చాలును. పెడలును ఒక చుట్టు త్రిప్పిన వెనుక చక్రము ఎన్ని చుట్లు తిరుగునో పిల్లలు ముందు ఊహించి, పిమ్మట పళ్లు లెక్కించి, తుదకు త్రిప్పి చూడవలెను. ఊహ తప్పినచోటనే అసలు పాఠము ప్రారంభమగును.