ఆటకు చోటు

పాఠ్యభాగ ఉద్దేశం: బాల్యంలో ఆటకు గల స్థానాన్ని తెలియజేయడం; పరిమితమైన ఆదాయం గల కుటుంబం కూడా తన ఇంట్లో పిల్లలకు ఆనందదాయకమైన ఆటస్థలాన్ని ఏర్పరచగలదని వివరించడం.

శూద్రకుడు సంస్కృతంలో రచించిన ‘మృచ్ఛకటికం’ పది అంకాల ప్రకరణం. మృచ్ఛకటిక అంటే మట్టిబండి. అంత పెద్ద రూపకానికి ఆ పేరు రావడానికి ఆరవ అంకంలోని ఒక చిన్న సన్నివేశం కారణం. దానధర్మాల వల్ల నిర్ధనుడైన చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారు బండితో ఆడుకొంటాడు. ఆ బాలుడు తన బండిని తీసుకొనిపోగా, పరిచారిక రదనిక మట్టితో ఒక బండిని చేసి ఇస్తుంది. ఇది వద్దు, బంగారు బండే కావాలని పసివాడు మారాం చేస్తాడు. వసంతసేన ఆ కన్నీరు చూడలేక తన నగలు తీసి మట్టిబండిలో నింపి, వీటితో బంగారు బండి చేయించుకొమ్మంటుంది. ఆ నగలే తరువాత న్యాయస్థానంలో చారుదత్తునికి ప్రతికూల సాక్ష్యమై అతణ్ణి వధ్యస్థానం వరకు నడిపిస్తాయి.

రోహసేనుడు ఏడ్చింది బంగారం విలువ తెలిసి కాదు. పొరుగువానికి ఉన్నది తనకు లేదన్న వెలితి అతణ్ణి బాధించింది. ఆ వెలితిని బంగారంతో పూడ్చబోతే ఏమైందో ప్రకరణం చెబుతూనే ఉన్నది. నేటి గృహాలలోనూ ఈ కథ మరొక రూపంలో సాగుతున్నది. అంగడి అద్దాల వెనుక మెరిసే బొమ్మలు, టీవీలో కనిపించే రంగురంగుల ఆటగదులు పిల్లలను ఆకర్షిస్తాయి. వాటిని కొనలేని తల్లిదండ్రులు తాము బిడ్డకు ఏదో లోపం చేస్తున్నామని కుములుతారు. కొందరు అప్పుచేసి కొంటారు. కొన్న బొమ్మ వారం తిరక్కముందే మంచం కిందికి చేరుతుంది. ఆటకు కావలసింది నిజంగా ధనమేనా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ముందుగా ఆట స్వరూపాన్ని తెలుసుకోవాలి.

పెద్దలకు ఆట అంటే పని ముగిశాక దొరికే విరామం. శిశువుకు ఆటే పని. పట్టుకోవడం, విసరడం, పేర్చడం, కూల్చడం, మళ్ళీ పేర్చడం ద్వారా బిడ్డ బరువును, దూరాన్ని, కార్యకారణ సంబంధాన్ని గ్రహిస్తాడు. అమ్మ ఆటలో వంట చేస్తూ, బడి ఆటలో పాఠం చెబుతూ పసిపిల్ల పెద్దల లోకాన్ని తన కొలతకు కుదించుకొని అర్థం చేసుకొంటుంది. తోటివారితో ఆడేటప్పుడు తన వంతు వచ్చేదాకా ఓపిక పట్టడం, ఓటమిని సహించడం, నియమానికి కట్టుబడడం అలవడుతాయి.

ఈ సత్యాన్ని గుర్తించిన విద్యావేత్తలు చాలా సాధారణమైన వస్తువులతోనే తమ ప్రయోగాలు సాగించారు. జర్మనీకి చెందిన ఫ్రోబెల్ 1837లో శిశువిద్యా సంస్థను ప్రారంభించి, 1840లో దానికి ‘పిల్లల తోట’ అనే అర్థం గల కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టాడు. ఆయన పిల్లల చేతికిచ్చిన తొలి ఆటవస్తువులు ఊలుతో అల్లిన బంతులు, చెక్కతో చేసిన గోళం, ఘనం, స్తూపం. మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో శిశుగృహాన్ని తెరిచి, పిల్లల ఎత్తుకు తగిన బల్లలు, అరలు అమర్చింది. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి భారతీయ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరాన్ని స్థాపించి కథలకు, ఆటలకు చదువులో పెద్దపీట వేశాడు. మన దేశంలో 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలోని అంగన్‌వాడీ అన్న మాటలోనే ‘అంగన్’, అంటే ఇంటి ముంగిలి ఉన్నది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ ప్రకరణంలో విశ్రాంతిని, ఆటను బాలల హక్కులుగా ప్రకటించింది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికను అంగీకరించింది. కనుక ఆట కలవారి పిల్లలకు దొరికే వేడుక కాదు. ప్రతి బిడ్డకూ చెందవలసిన హక్కు.

ఒకప్పుడు ఈ హక్కుకు వేరే గది అక్కరలేకపోయింది. మండువా లోగిలి, వీధి అరుగు, చావడి, చెరువుగట్టు పిల్లల రాజ్యాలు. పట్టణాలలో అరుగులు పోయాయి. వీధులు వాహనాల పాలయ్యాయి. రెండు గదుల అద్దె ఇంట్లో నలుగురు నివసించే కుటుంబానికి ప్రత్యేకంగా ఆటగది కట్టించే స్తోమత ఉండదు. అయితే ఆటగదికి నాలుగు గోడలు ఉండవలసిన అవసరం లేదు. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల ఒక మూల చాలు. అది వంటపొయ్యికి దూరంగా, కిటికీ వెలుతురు సోకేచోట, పనిచేసుకొనే పెద్దల చూపు మేరలో ఉండాలి. పాత చీరలతో కుట్టిన బొంతనో ఈతచాపనో పరిస్తే అది ఆ రాజ్యానికి సరిహద్దు అవుతుంది. బొంతను చుట్టి మూలన నిలిపితే రాత్రికి అదే స్థలం పడకగదిగా మారుతుంది.

ఆ మూలలో గోడకు నేల నుండి మూడడుగుల ఎత్తువరకు నల్లబల్లకు వేసే రంగు పూస్తే పిల్లలకు గీసుకొనే పలక సిద్ధమవుతుంది. అద్దె ఇల్లయితే రంగు పూసిన పెద్ద అట్టను గోడకు ఆనించవచ్చు. పండ్ల బుట్టలు, చెక్కపెట్టెలను మేకులు తీసి, గరుకుకాగితంతో నునుపు చేసి, ఒకదాని పక్కన ఒకటి పెడితే అరలు అవుతాయి. వాటిని బిడ్డ చేతికి అందే ఎత్తులోనే ఉంచాలి. ఏ వస్తువు ఏ అరలో ఉండాలో ఒక బొమ్మ గీసి అంటిస్తే, చదువురాని బిడ్డ కూడా ఆట ముగిశాక దానిని స్వస్థానంలో పెట్టగలుగుతాడు. ఉన్న వస్తువులన్నిటినీ ఒకేసారి పరచకూడదు. నాలుగైదింటిని మాత్రమే బయట ఉంచి, తక్కినవి దాచి, వారానికొకసారి మార్చాలి. దాచిన బొమ్మ తిరిగి వచ్చినప్పుడు బిడ్డకు అది కొత్త బొమ్మే. పైసా ఖర్చులేని ఈ ఉపాయం ఇంట్లోని బొమ్మల సంఖ్యను రెట్టింపు చేస్తుంది.

చోటు కుదిరాక ఆలోచించవలసింది సామగ్రిని గురించి. 1943లో డెన్మార్క్ జర్మన్ల ఆక్రమణలో ఉన్న కాలంలో, కోపెన్‌హాగన్ సమీపంలోని ఎమ్‌డ్రప్ అనేచోట ఒక వింత ఆటస్థలం వెలసింది. దాని రూపకర్త సోరెన్‌సెన్ అనే ఉద్యానశిల్పి. తీర్చిదిద్దిన తోటలకంటె, ఇళ్ళు కట్టేచోట పడివున్న చెక్కలతోను ఇటుకలతోను పిల్లలు ఎక్కువ ఉత్సాహంగా ఆడుకోవడం ఆయన గమనించాడు. అందుకే పనికిరాని సామానునే ఆటసామగ్రిగా సమకూర్చాడు. 1971లో సైమన్ నికల్సన్ అనే ఆంగ్లేయుడు ఈ భావాన్నే సిద్ధాంతంగా వివరించాడు. కదల్చడానికి, కలపడానికి, విడదీయడానికి వీలైన విడి వస్తువులు ఎన్ని ఉంటే పిల్లల సృజనశక్తి అంతగా వికసిస్తుందని ఆయన ప్రతిపాదన. మీట నొక్కితే పరుగెత్తే కారు ఒక్క పనే చేస్తుంది. బిడ్డ దానికి ప్రేక్షకుడు. ఖాళీ అట్టపెట్టె ఉదయం రైలు, మధ్యాహ్నం దుకాణం, సాయంత్రం కోట. అక్కడ బిడ్డ కర్త.

ఈ దృష్టితో చూస్తే తెలుగువారి ఇల్లు ఆటవస్తువుల గని. కొబ్బరిచిప్పలు, గవ్వలు, గచ్చకాయలు, చింతపిక్కలు, దారపు ఉండలు, ఖాళీ డబ్బాలు, అగ్గిపెట్టెలు, పాత చీరలు ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి. ముంజలు తిన్నాక మిగిలిన రెండు తాటికాయలను పుల్లతో కలిపి పంగల కర్రతో తోస్తే అది బండి. కొబ్బరాకుతో బూర, చేతిగడియారం, కళ్ళజోడు తయారవుతాయి. చినిగిన గుడ్డలు చుడితే బంతి. కట్టి కన్నూ ముక్కూ దిద్దితే పాపాయి. రెండు కుర్చీల మీద చీర కప్పితే గుడారం. అగ్గిపుల్లలు, సైకిల్ ట్యూబు ముక్కలు, పారవేసిన సీసాలతో విజ్ఞానశాస్త్ర సూత్రాలను బోధించే ఆటవస్తువులను రూపొందించి దేశమంతటా ప్రచారం చేసిన అరవింద్ గుప్తాను భారత ప్రభుత్వం 2018లో పద్మశ్రీతో సత్కరించింది.

వర్షాకాలంలోను ఎండలు మండే వేళలోను ఇంట్లో ఆడదగిన ఆటలకు మన సంప్రదాయంలో కొదవ లేదు. అయ్యలరాజు నారాయణామాత్యుని ‘హంసవింశతి’లో కనిపించే ఆటల పేర్ల పట్టికయే అందుకు నిదర్శనం. సుద్దముక్కతో నేలమీద అయిదు వరుసలలో ఇరవై అయిదు గళ్ళు గీస్తే అష్టాచెమ్మా. నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లాపడితే అష్టా, అంటే ఎనిమిది. పసివారికి లెక్కించడం ఇక్కడే అలవడుతుంది. పద్నాలుగు గుంటల వామనగుంటల పీట లేకపోతే పద్నాలుగు కొబ్బరిచిప్పలు చాలు. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు ఉంటాయి. మేక ఒంటరిగా పులిని ఏమీ చేయలేదు. మేకలన్నీ కలిస్తే పులికి కదిలే దారి ఉండదు. ఐకమత్యాన్ని గురించిన ఎన్ని ఉపన్యాసాలైనా ఈ ఒక్క ఆటకు సాటిరావు.

అన్నీ ఇంట్లోనే చేసుకోవాలని, ఏదీ కొనకూడదని దీని భావం కాదు. కొనేది ఒక్కటైనా మన్నికైనది కావాలి. ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కలో చెట్ల గింజలు, వేళ్ళు, ఆకుల నుండి తీసిన రంగులు కలిపి పూస్తారు. వారి బొంగరాలు, గిలకలు తరతరాలుగా పిల్లల చేతులలో ఆడుతున్నాయి. తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు, నిర్మల్ కొయ్యబొమ్మలు తెలుగునాట ప్రసిద్ధాలు. తేలికైన పొణికి కర్రతో చేసిన సున్నితమైన బొమ్మలు బొమ్మల కొలువుకు తగినంతగా పసిబిడ్డల విసురుళ్ళకు తగవు. ఆ తేడా తెలిసి కొనాలి.

ఖర్చు తగ్గించవచ్చునే గాని జాగ్రత్త తగ్గించరాదు. ఉన్న కొద్దిపాటి సొమ్ములో మొదటి భాగం భద్రతకే వెచ్చించాలి. కింద ఉన్న విద్యుత్ ప్లగ్గులకు మూతలు, కిటికీకి కమ్మీలు, ఒరిగే బీరువాకు గోడకు బిగింపు తప్పనిసరి. నీళ్ళు నిండిన బకెట్టు పాకే బిడ్డకు ప్రాణాంతకం. మూడేళ్ళలోపు పిల్లలకు గవ్వలు, చింతపిక్కలు, గుండీలు ఇవ్వకూడదు. అవి గొంతుకు అడ్డుపడతాయి. ఎర్రగా ముచ్చటగొలిపే గురివింద గింజలోను, ఆముదపు గింజలోను విషం ఉన్నది. వాటిని ఆటసామగ్రిలో చేర్చనే కూడదు. చిన్న బిళ్ళల వంటి బ్యాటరీలను మింగితే ఆహారనాళం కాలి పుండుపడుతుంది. సీసం కలిసిన రంగులు పసివారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. అందువల్ల తక్కువ ధరకు దొరికే రంగు పెచ్చులూడే బొమ్మలను కొనరాదు. దేశంలో విక్రయించే ఆటబొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర ఉండాలన్న నిబంధన 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. కొనేముందు ఆ ముద్రను చూడడం మంచి అలవాటు.

చోటు, సామగ్రి, భద్రత అమరినా ఇంకొకటి కావాలి. అది పెద్దల అనుమతి. ఆట అంటే సద్దు. ఆట అంటే చిందరవందర. ఇల్లు అద్దంలా ఉండాలని కోరే ఇంట్లో ఎంత ఖరీదైన ఆటగది ఉన్నా అది ప్రదర్శనశాలే. మధ్యాహ్నం కట్టిన అట్టపెట్టెల ఊరిని సాయంత్రం దాకా కూల్చకుండా ఉంచడం, పిలిచినప్పుడు పావుగంటసేపు ఆ ఊరికి అతిథిగా వెళ్ళడం తల్లిదండ్రులు బిడ్డకు ఇవ్వగల గొప్ప కానుకలు. ఎలా ఆడాలో అడుగడుగునా నేర్పబోతే ఆట పాఠమై ఊరుకొంటుంది.

ఈ అనుమతి విషయంలో మన ఇళ్ళలో ఒక అన్యాయం జరుగుతున్నది. అన్న బొంగరం తిప్పుకొంటున్న వేళ అతని చెల్లెలు అంట్లు తోముతూనో, చంటివాణ్ణి చంకనెత్తుకొనో ఉంటుంది. లక్కపిడతలతో వంటాట ఆడవలసిన వయసులో ఆమె నిజమైన పొయ్యి ముందు కూర్చుంటుంది. పోయిన ఆ బాల్యాన్ని తరువాత ఏ చదువూ, ఏ పెళ్ళీ తిరిగి ఇవ్వలేదు. ఇంట్లో ఆటకు కేటాయించిన ఆ ఆరడుగుల చోటులో ఆడపిల్లకు సగపాలు దక్కిందా అన్నది ఆ ఇంటి సంస్కారానికి గీటురాయి.

ఆటగదికి బడ్జెటు వేసుకొనే తల్లిదండ్రులు రూపాయలతో పాటు రోజుకు ఎన్ని నిమిషాలు, ఎంత ఓర్పు వెచ్చించగలరో కూడా లెక్కవేసుకోవాలి. రూపాయల లోటును గుడ్డబంతి, అట్టపెట్టె, నాలుగు గవ్వలు తీర్చగలవు. ఓర్పులోని లోటును ఏ అంగడిలోని బొమ్మా తీర్చలేదు.

ప్రశ్నలు

1. మట్టిబండి కథ నుండి నేటి తల్లిదండ్రులు గ్రహించవలసిన విషయాలేమిటి?
2. తక్కువ ఖర్చుతో ఇంట్లో ఆటస్థలాన్ని ఏర్పరచే విధానాన్ని వివరించండి.
3. విడి వస్తువులతో ఆడే ఆట పిల్లల సృజనశక్తిని ఎలా పెంపొందిస్తుంది?
4. ఆటస్థలం విషయంలో పాటించవలసిన భద్రతా నియమాలను తెలపండి.
5. ‘ఆడపిల్లకు సగపాలు’ అన్న మాటలోని ఆంతర్యాన్ని మీ పరిసరాలలోని ఉదాహరణలతో చర్చించండి.