షుగర్ కాలికి నొప్పి తెలియదు: అపోహలు – వాస్తవాలు

కైకలూరు, మండవల్లి వైపు చేపల చెరువు గట్ల మీద చెప్పుల్లేకుండా తిరగడం మామూలే. విరిగిన నత్తగుల్ల పాదంలో దిగితే ఎవరైనా అక్కడే కూలబడి తీసుకుంటారు. ఏళ్ల తరబడి షుగర్ ఉండి పాదాలు మొద్దుబారిన మనిషి మాత్రం దాని మీదే నడుస్తూ సాయంత్రం దాకా చేపలకు మేత చల్లుతాడు. రాత్రి దుప్పటికి అంటిన మరక చూసి ఇంట్లోవాళ్లు చెప్పాలి.

అపోహ: నొప్పి లేదు, పుండు చిన్నదే.
వాస్తవం: నరాలు దెబ్బతిన్నాయి గనకే నొప్పి లేదు. పైకి బఠాణీ గింజంత కనిపించే పుండు లోపల ఎముక దాకా పోయి ఉండొచ్చు. ఆనెకాయ కింద నల్లగా రక్తం కమ్మినా అనుమానించాల్సిందే. ఇంట్లో బ్లేడుతో చెక్కుకోవద్దు.

అపోహ: రోజూ కట్టు మారిస్తే అదే మానుతుంది.
వాస్తవం: ఎంత మంచి కట్టయినా, పుండు మీద బరువేసి నడుస్తుంటే మానదు. వెల్లూరు సీఎంసీలో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ చెప్పింది ఇదే: స్పర్శ లేని పాదం ఒకేచోట పదేపదే పడే ఒత్తిడితో పాడవుతుంది. అందుకే అరికాలి పుండుకు మోకాలి కింద దాకా ప్రత్యేకమైన పిండికట్టు వేస్తారు. చీము ఉన్నా, రక్తప్రసరణ తగ్గినా ముందు వాటి సంగతి చూడాలి. మానాక వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు వాడాలి. హవాయి చెప్పు జారిపోయినా ఆ కాలికి తెలియదు.

అపోహ: చేప, గుడ్డు తింటే చీము పడుతుంది.
వాస్తవం: కొల్లేటి పక్కన ఉండి శీలావతి, కొరమీను మానేసి చారు మెతుకులతో సరిపెట్టుకోవడం ఏం పథ్యమో! పుండు పూడాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, వంకాయల మీదా ఇదే నింద. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టర్ని అడగాలి.

పసుపు, సున్నం, వేడినీళ్ల కాపడం వద్దేవద్దు. బొబ్బలెక్కేదాకా వేడి తెలియదు. ఎండలో ద్వారకా తిరుమలకు చెప్పుల్లేకుండా నడిచే మొక్కూ అంతే. బస్సెక్కి వెళ్లండి, అక్కడి చినవెంకన్న స్వామి కోప్పడడు.

అపోహ: షుగర్ పుండంటే కాలు తీయాల్సిందే.
వాస్తవం: తొందరగా చూపించుకుంటే చాలా పుండ్లు మానతాయి. పాదం ఎర్రబడి వాచినా, వేలు నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఏలూరు ప్రభుత్వాసుపత్రికో, తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రికో ఆ రోజే వెళ్లండి. తెల్లారాక చూద్దాం అనుకోకండి.