చూడకుండా వేసిన ముద్ర

మంత్రగాళ్లన్న అపవాదును చెరపడానికి పుట్టిన పుస్తకమే సామీలకు దాన్ని ఖాయం చేసింది

స్వీడన్ సేనలు అన్ని యుద్ధాలు ఎలా గెలుస్తున్నాయి? 17వ శతాబ్దపు యూరప్‌లో దీనికో వింత జవాబు ప్రచారంలో ఉండేది: ఉత్తరాది మంచు సీమలోని సామీల మంత్రబలంతో! తమ పరాక్రమాన్ని చిన్నబుచ్చే ఈ మాట స్వీడన్ పాలకులకు మింగుడుపడలేదు. దాన్ని ఖండించే బాధ్యత ఉప్సలా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ యోహానెస్ షెఫెరస్‌పై పడింది. ఫలితమే 1673లో లాటిన్‌లో వెలువడిన 'లాపోనియా'. లాప్‌లన్నది అప్పట్లో సామీలకు ఇతరులు పెట్టిన పేరు.

విచిత్రమేమిటంటే, షెఫెరస్ ఆ సీమలో అడుగైనా పెట్టలేదు. ఆయనకు ప్రధాన ఆధారం అక్కడి క్రైస్తవ మతాధికారులు పంపిన నివేదికలే. సామీల పాత మతాన్ని రూపుమాపడమే వారి పని. రెయిన్‌డీర్ల పెంపకం, దుస్తులు, పెళ్లి తంతుల గురించి పుస్తకంలో బోలెడంత ఉంది. సామీ విద్యార్థి ఓలాస్ సిర్మా అందించిన రెండు ప్రేమగీతాలూ ఉన్నాయి. కానీ మరుసటి ఏడాదే ఇంగ్లిష్‌లోకి, ఆపై జర్మన్, ఫ్రెంచ్‌లలోకి వెళ్లిన ఈ గ్రంథంలో పాఠకులను కట్టిపడేసినవి మంత్రాలు, డప్పుల అధ్యాయాలే.

ఆ ముద్రకు మూల్యం చెల్లించింది సామీలు. 1691లో నార్వే ఉత్తర తీరంలో అండర్స్ పౌల్సెన్ అనే సామీ వృద్ధుడి డప్పును అధికారులు లాక్కున్నారు. మంత్రగాడంటూ మరుసటి ఏడాది విచారణ జరిపారు. తీర్పు రాకముందే నిర్బంధంలో ఆయన హత్యకు గురయ్యారు. డప్పు డెన్మార్క్ రాజు ఖజానాకు చేరింది.

తర్వాత భాష మారింది, ధోరణి మారలేదు. మంత్రగాళ్లు కాస్తా 'వెనకబడిన జాతి' అయ్యారు. 1913 తర్వాత స్వీడన్‌లో సంచార సామీల పిల్లలకు గుడారాల్లో, అరకొర పాఠాలతో వేరే బడులు పెట్టారు. నాగరికత అలవాటైతే వారు రెయిన్‌డీర్ల పెంపకానికి పనికిరారన్నది పాలకుల వాదన. 1922లో అదే ఉప్సలాలో ప్రభుత్వ జాతిజీవశాస్త్ర సంస్థ వెలిసింది. దాని అధిపతి హెర్మన్ లుండ్‌బోర్గ్ బృందం సామీల తలలు కొలిచింది, నగ్నంగా ఫొటోలు తీసింది.

ఈ గతానికి సంజాయిషీ ఇటీవలే మొదలైంది. 2021లో స్వీడన్ చర్చి ఉప్సలాలో సామీలకు క్షమాపణ చెప్పింది. 2022లో పౌల్సెన్ డప్పుపై హక్కు కరాస్‌యోక్‌లోని సామీ మ్యూజియానికి దక్కింది. దాని కథ ఇప్పుడు సామీలే చెబుతున్నారు.