మతం మారింది, పేట మారలేదు

మతం పుచ్చుకుంటే కులం పోతుంది గదా అని హాస్టల్లో మిత్రులు నన్ను అడుగుతుంటారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ణి గనుక నాకు తెలిసినంత చెబుతాను.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తగాదా మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికారు. ఆ పేటల్లో ఏసును నమ్మినవారు చాలామంది. కాని గొడ్డలి బాప్తిస్మం సంగతి అడగలేదు. పేట ఏదో చూసింది, అంతే.

చట్టం చూపు వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు, మన రాష్ట్రాల్లో వీరు బి.సి. 'సి', రిజర్వేషను ఒక శాతం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఆ హోదా ఉన్నవారికే. అంటే దెబ్బ తినడానికి కులం చాలు, కేసు పెట్టడానికి మతం అడ్డం! అందుకే కొందరికి చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్టులో మరొకటి. దీన్ని మోసమనడం తేలిక. ఆ రెండు పేర్లూ వారు కోరుకున్నవి కావు.

మరి నమ్మకం వదిలెయ్యొచ్చు గదా అంటారు. కారంచేడు నుంచి పారిపోయినవారు తలదాచుకున్నది చీరాల చర్చి ఆవరణలోనే. పలకా బలపం, అందరితో సమంగా చాప మీద చోటు మా పెద్దలకు దొరికిందీ అలాంటి చోటే. వదలమనేవారు ముందు అది ఆలోచించాలని నా మనవి.