గాలిమరలు సముద్రంలోకి ఎందుకు వెళ్లాయి?

నేల మీద గాలికి అడుగడుగునా అడ్డే. కొండలు, చెట్లు, మేడలు దాని వేగాన్ని తగ్గిస్తాయి. సముద్రం మీద అవేవీ లేవు కాబట్టి గాలి జోరుగా, నిలకడగా వీస్తుంది. ఆ తేడా చిన్నదేగా అనుకోకండి. గాలి వేగం రెండింతలైతే అందులోని శక్తి ఎనిమిదింతలవుతుంది!

ఈ సంగతిని వాడుకుని సముద్రంలో తొలి గాలిమరల క్షేత్రం కట్టింది డెన్మార్క్. 1991లో విండెబీ దగ్గర సముద్రంలో 11 మరలు నిలబెట్టారు. అన్నిటి సామర్థ్యం కలిపి సుమారు 5 మెగావాట్లు. ఇప్పుడు ఒక్క మరే 10 మెగావాట్లు దాటుతోంది. దాని రెక్క 100 మీటర్ల పొడవు! రోడ్డు మలుపుల్లో అది తిరగదు, ఓడలోనే వెళ్లాలి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. అయినా బొగ్గు కాల్చకుండా, ఎవరి పొలమూ తీసుకోకుండా కరెంటు వస్తుందంటే ఆ ఖర్చు పెట్టదగిందే.

మరి ఇంత పెద్ద మర నీళ్లలో ఎలా నిలుస్తుంది? లోతు తక్కువైతే లావాటి ఉక్కు గొట్టాన్ని సముద్రం అడుగున దిగగొడతారు. ఆ చప్పుడు సముద్ర జీవులకు హాని. అందుకే జర్మనీ తీరంలో ఆ గొట్టం చుట్టూ చిల్లుల పైపు పరిచి దాన్లోకి గాలి పంపుతారు. పైకి లేచే బుడగల తెర చప్పుడును చాలావరకు ఆపుతుంది. లోతు ఎక్కువైతే మరను తేలే దిమ్మె మీద నిలిపి, గొలుసులతో లంగరు వేస్తారు. స్కాట్లాండ్ దగ్గర 2017 నుంచి అలాంటివి 5 తిరుగుతున్నాయి.